నాంచారమ్మ చెప్పిన నెల

"తలుపు తీస్తవా, పగలగొట్టమంటవా?"

సోమమ్మ అరుపు వాడ చివరిదాకా వినిపిస్తోంది. లోపలి గడియ మాత్రం కదల్లేదు.

నాంచారమ్మ అరుగు మీద కూర్చుని, కాచిన నూనె ఉన్న మట్టి గురిగి చల్లారకుండా కొంగుతో చుట్టి పట్టుకుంది. ముప్పై ఏళ్లుగా ఈ ఊరికి మంత్రసాని ఆమె. ఆమె చేతి కోసం ఎదురుచూసిన కడుపులే గానీ, ఆమె వస్తే గడియ పెట్టుకున్న కడుపు ఇదొక్కటే. మూడు వారాల్లో ఇది మూడోసారి.

"నువ్వే సెప్పు నాంచారీ. కడుపు మీద చెయ్యి వెయ్యనియ్యని ఆడదాన్ని ఏడనన్న సూసినవా?" సోమమ్మ ఇటు తిరిగింది.

"జర మెల్లగ మాట్లాడక్కా. తొలిచూలు పిల్ల. భయమైతది."

"తప్పు జెయ్యనోళ్లకు భయమెందుకే?"

ఆ మాట అన్నాక సోమమ్మ కూడా ఒక్క క్షణం తడబడింది. కోడలి మీద అలాంటి మాట అత్త నోటి నుంచి బయటికొస్తే దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. తెలిసే అందో, తెలియక అందో, అనేసింది.

సోమమ్మ కొడుకు కొండల్ మాఘ పున్నమికి ముందు రోజు దళంలో కలిసిపోయాడు. ఇప్పుడు భాద్రపదం, బతుకమ్మ పండుగకు ఇంకా పది రోజులుంది. అతని భార్య ఆండాలుకు ఎనిమిదో నెల అయితే ఏ గొడవా లేదు, అది కొండల్ ఇంట్లో ఉన్నప్పటి కడుపే. అంతకు తక్కువైతే మాత్రం రెండే దారులు. కొండల్ దొంగచాటుగా ఇంటికి వచ్చిపోయి ఉండాలి. లేదా ఆండాలు తప్పు చేసి ఉండాలి. మొదటి అనుమానం దళం కోసం వెతుకుతున్న మిలిటరీ క్యాంపు వాళ్లది, రెండోది సోమమ్మది.

నిన్న పోలీసు పటేల్ చంద్రమౌళి నాంచారమ్మ గుడిసె ముందు నిలబడి చెప్పిపోయాడు. "రేపు పొద్దుగాల పోయి నూనె పెట్టి దాని కడుపు తోము. పగటాల్ల క్యాంపుకు వచ్చి ఎన్నో నెలనో సెప్పు. నీ చేతికి తెల్వంది ఉండదట గద."

ఆ చేత్తోనే ఇప్పుడు గురిగి వేడి తగ్గిందేమోనని మళ్లీ చూసుకుంది.

"నాంచారవ్వ ఒక్కతె రావాలె." లోపలి నుంచి ఆండాలు గొంతు వినబడింది. "అత్త రావొద్దు."

"ఇన్నవా? నా ఇంట్ల నేను రావొద్దట!"

"నువ్వు పోయి ఇన్ని నీళ్లు కాగబెట్టక్కా. తోమినంక తానం పోసుకుంటది." నాంచారమ్మ లేచింది.

సోమమ్మ గొణుక్కుంటూ పెరట్లోకి వెళ్లింది. ఆమె అడుగుల చప్పుడు దూరమయ్యాకే లోపల గడియ తీసిన చప్పుడైంది.

*

గదిలో గోడ వారగా ఆండాలు నిలబడి ఉంది. పద్దెనిమిది నిండని పిల్ల. ముఖం పీక్కుపోయింది. రెండు చేతులూ కడుపు మీద అడ్డం పెట్టుకుంది.

"అవ్వా, నీ కాళ్లు మొక్కుత. తోమినట్టు సెప్పు. తోమకు."

"తోమకుంటె నిద్రెట్ల పడతది బిడ్డా? కండ్లు సూడు, ఎట్ల గుంతలు పడ్డయో. నేనేం నెలలు లెక్కపెట్ట రాలే. పండుకో."

అందులో సగం అబద్ధం. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

నాంచారమ్మ బొంతను మడతపెట్టి పిల్ల నడుము కింద సర్దింది. ఎడమ పక్కకు తిప్పి, మోకాళ్ల మధ్య పాత చీర ఉండ చేసి పెట్టింది. నూనె అరచేతుల్లో పోసుకుని, వేడి పుట్టేదాకా రుద్దుకుని, మొదట నడుము మీద వేసింది. ఆ తర్వాత డొక్కలు. ఆఖరుకు కడుపు. అరచెయ్యి మొత్తం ఆనించి, గుండ్రంగా, పడుకున్న పసిబిడ్డ వీపు నిమిరినంత బరువుతోనే తిప్పుతోంది.

"నొస్తుందా?"

"లేదు."

"నొస్తె సెప్పాలె. ఆపేస్త. కడుపు గట్టిపడ్డా చెయ్యి తియ్యాలె. బొటనవేలు అస్సలు పెట్టొద్దు. బొటనవేలుకు తొందరెక్కువ బిడ్డా, అది వత్తుతది."

పని చేసేటప్పుడు మాట్లాడుతూ ఉండటం ఆమె అలవాటు. మాటలు వింటూ వింటూ ఒళ్లు వదులవుతుంది. నడిగూడెంలో తన పెళ్లయిన కొత్తల్లో ఒక అత్త తొందరపడి కోడలి కడుపు మడమతో వత్తించింది. సాయంత్రానికి తల్లీ లేదు, పిల్లా లేదు. ఆ రోజు గుడ్డలు ఉతికింది నాంచారమ్మే. కడుపు మీద చెయ్యి పడేది లోపలి ప్రాణాన్ని ఊరుకోబెట్టడానికే గానీ పిసకడానికి కాదని ఆనాడే ఒట్టు పెట్టుకుంది.

ఆండాలు ఊపిరి నెమ్మదించింది. పిడికిళ్లు విడిపోయాయి. కళ్లు మూతలు పడుతున్నాయి. లోపల చిన్నగా ఏదో కదిలి, నాంచారమ్మ అరచేతిని తాకింది. ఆమెకు నవ్వొచ్చింది. ఎన్ని వందల కడుపులు చూసినా ఆ తాకిడికి నవ్వు రాకుండా ఉండదు.

నవ్వుతూనే చెయ్యి పైకి జరిపింది. అక్కడ ఆగిపోయింది.

గర్భం పై అంచు బొడ్డు దగ్గరే ఉంది. ఎనిమిదో నెల అయితే బొడ్డు మీద నాలుగు వేళ్లు ఎక్కాలి. ఇది ఒక్క వేలు కూడా ఎక్కలేదు. మళ్లీ చూసింది. తిండి లేక పిల్ల చిక్కిపోయిందనుకుందామన్నా కుదరదు. ఆ చేతికి తెలుసు. ఆరో నెల.

ఆండాలు కళ్లు తెరిచి ఆమెనే చూస్తోంది.

"దొరికిపోయిన గద?"

నాంచారమ్మ చెయ్యి తియ్యలేదు. తీస్తే పిల్ల ఏడుస్తుందని ఆమెకు అనిపించింది.

"ఎవలు బిడ్డా?"

"ఎవలేంది అవ్వా? ఆయనే!" పిల్ల గొంతులో ఒక్కసారిగా పౌరుషం వచ్చింది, వెంటనే పడిపోయింది. "చైత్ర పున్నమి నాడు వచ్చిండు. అత్త పెనుపహాడ్ పోయిన రోజు. కోడి కూసేటాల్లకు పోయిండు. మల్ల రాలే."

"మరి అత్తకు సెప్పొచ్చు గదే! ఆమె కొడుకే గద. ఇన్ని మాటలెందుకు పడుతున్నవ్?"

"సెప్పొద్దన్నడు. అమ్మ నోరిడుస్తది అన్నడు. మామ సంగతి నీకెరుక లేదా?"

ఎరుకే. ఊరందరికీ ఎరుకే. నిరుడు సోమమ్మ మొగుడు వీరేశం మిలిటరీకి దొరక్కుండా గడ్డివాములో దాక్కున్నప్పుడు, పటేల్ చంద్రమౌళి వాళ్ల ఇంటికి వచ్చి మంచం మీద కూర్చుని, మజ్జిగ తాగి, ఎంతో మంచిగా మాట్లాడాడు. వీరేశం బయటికొస్తే సంతకం పెట్టించుకుని వదిలేస్తారని ఒట్టు వేశాడు. సోమమ్మ నమ్మి గడ్డివాము వైపు చూపించింది. మూడో రోజు బండి మీద శవం వచ్చింది. ఆనాటి నుంచి సోమమ్మకు కోపమే మిగిలింది. కానీ మంచిమాటకు కరిగే గుణం మాత్రం పోలేదు.

"అత్త సెడ్డది కాదవ్వా." ఆండాలు కళ్లు తుడుచుకుంది. "ఎవలన్న మంచిగ మాట్లాడితె నమ్ముతది. అంతే. ఆయన వచ్చిండని తెలిస్తె, ఏ తొవ్వ పట్టుకుని వచ్చిండు, ఎవలింట్ల బువ్వ తిన్నడు, అన్నీ గుంజుతరు. నన్ను తిడితె తిట్టనియ్యి. ఆయన పాణం పోతె ఏం జేస్త?"

ఇంత చిన్న పిల్లకు ఇంత మొండి ధైర్యం ఎక్కడిదని నాంచారమ్మకు ఆశ్చర్యం వేసింది. జాలీ వేసింది. దాని వెనకే భయం వేసింది. తనను పగటికి క్యాంపులో అడుగుతారు.

*

"ఎన్నో నెల?"

సోమమ్మ గడప దగ్గరే నిలబడి ఉంది. చేతిలో వేడినీళ్ల బిందె. చెవి పెట్టి వినలేదు గానీ, ముఖం చూస్తే ఊపిరి బిగబట్టినట్టుంది.

నాంచారమ్మ చేతుల నూనె జుట్టుకు రాసుకుంటూ, ఆమె కళ్లలోకి చూడకుండా అంది. "ఎనిమిదో నెల."

"నిజం సెప్తున్నవా?"

"నా చెయ్యి ఎన్నడన్న అబద్ధం సెప్పిందా అక్కా?"

చెయ్యి ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. చెప్పింది నోరు.

సోమమ్మ బిందె కింద పెట్టి, అక్కడే నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. మూడు వారాల అనుమానం కళ్ల వెంట కారిపోయింది. ఏడుస్తూనే లేచి, ఉట్టి మీది బెల్లం ముక్క తీసుకొచ్చి కోడలి నోట్లో పెట్టింది. క్షమించమని అనలేదు. ఆమెకు ఆ మాట రాదు. బెల్లం పెట్టడమే ఆమె అడిగే క్షమాపణ.

ఆండాలు ఆ బెల్లం మింగలేక మింగింది.

"మరి ఎనిమిదో నెల పడ్డంక ఊకోవద్దు గద?" సోమమ్మ గొంతులో అప్పుడే హుషారు వచ్చేసింది. "మా అవ్వగారింట్ల ఎనిమిదో నెలల ఆముదం తాపుతరు. కడుపు కిందికి దించుతరు. కాన్పు అల్కగైతది."

నాంచారమ్మ ఉలిక్కిపడింది. "వద్దక్కా! అవన్నీ వద్దు. నేను సూసుకుంట. నేను లేంది ఎవలూ ముట్టొద్దు, ఏం తాపొద్దు."

"గట్లెందుకంటవ్? నన్ను కన్నప్పుడు మా అవ్వకు..."

"నాంచారీ!" బయట పటేల్ మనిషి కేకేశాడు. "క్యాంపుకు రమ్మంటుండ్రు. జల్ది నడువు."

ఆ కేకతో సోమమ్మ మాట సగంలో ఆగిపోయింది. నాంచారమ్మ చెప్పవలసిన మాట కూడా సగంలోనే ఆగిపోయింది.

*

క్యాంపు ఊరి బయట పాత రెవెన్యూ ఫిర్కా కచేరీలో ఉంది. వరండాలో కుర్చీలో ఒక అధికారి, పక్కన పటేల్ చంద్రమౌళి, వెనక తర్జుమా చెయ్యడానికి కోదాడ వైపు నుంచి తెచ్చుకున్న దుబాసీ. అధికారి మాట నాంచారమ్మకు తెలియదు. దుబాసీ మాట తెలుస్తుంది గానీ, ఆ మెత్తదనం ఆమెకు మరీ భయం పుట్టించింది.

"భయపడకమ్మా. నిన్నెవరూ ఏమీ అనరు. ఆ పిల్లకు ఎన్నో నెలో చెప్పు, చాలు."

"ఎనిమిదో నెల దొరా."

"కడుపు చూస్తే అంత కనపడట్లేదని పటేల్ గారంటున్నారు."

"తిండి లేని కడుపు ఎట్ల కనబడతది, నీ బాంచెను? జొన్న గట్క ఒక్క పూట తింటున్నది. పిల్ల సన్నగుంది. నెలలు మాత్రం నిజమే."

పటేల్ మీసం దువ్వుకుంటూ ఆమెనే చూస్తున్నాడు. అతని భార్యకు ముగ్గురు పిల్లలనూ నాంచారమ్మే పురుడు పోసింది. ఆ కృతజ్ఞత ఆ ముఖంలో ఎక్కడా లేదు.

అధికారి ఏదో అన్నాడు. దుబాసీ కాగితం మీద రాసుకున్నాడు.

"అయితే కార్తీక పున్నమికి కాన్పు కావాలి. అంతేనా?"

నాంచారమ్మ ఆ కాగితం వైపు చూసింది. తను ఒక్క మాటే చెప్పాననుకుంది. వీళ్లు దానికి రోజు కూడా కట్టేశారు.

"దేవుని దయ దొరా. అటిటు అయితది."

"నాలుగు రోజులు అటూ ఇటూ అవుతుంది. నెలలు మారవు కదమ్మా. పున్నమి దాటాక కూడా ఆ పిల్ల కడుపుతోనే తిరుగుతూ ఉంటే, దాన్నీ నిన్నూ ఇద్దర్నీ ఇక్కడికే తీసుకొస్తారు. అర్థమయ్యిందా?"

నాంచారమ్మ తల ఊపింది. ఆమెను వెంటనే వదల్లేదు. ఎదుటి చింతచెట్టు నీడ మెట్లు దాటి వరండా మీదికి వచ్చేదాకా కూర్చోబెట్టారు. పటేల్ మాత్రం ముందే లేచి ఊళ్లోకి వెళ్లిపోయాడు. ఎందుకు వెళ్లాడో ఆమె ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే పరుగెత్తి ఉండేది.

*

దీపాలు పెట్టే వేళకు వాడ చేరింది. సోమమ్మ ఇంటి ముందు ఆముదం వాసన వీధిలోకే కొడుతోంది. శొంఠి కాచిన వాసన కూడా కలిసి ఉంది.

నాంచారమ్మ అడుగు వేగం పెంచింది. గడప దాటింది.

ఆండాలు మంచం మీద వెల్లకిలా పడుకుని, కింది పెదవి పళ్ల కింద నొక్కి పట్టుకుంది. నుదుటి మీద చెమట. మంచం కింద ఖాళీ గిన్నె. సోమమ్మ కోడలి పక్కనే కూర్చుని, రెండు బొటనవేళ్లతో కడుపు పై నుంచి కిందికి బలంగా వత్తుతోంది. వత్తుతూ పాట కూడా పాడుతోంది. ఏడాదిగా ఆ ఇంట్లో పాట వినపడటం ఇదే మొదలు.

"చెయ్యి తియ్యక్కా!"

సోమమ్మ ఉలిక్కిపడి చెయ్యి తీసింది. "ఏమైంది? గట్ల అరుస్తవేంది?"

"ఎవలు సెయ్యమన్నరు నిన్ను? నేను వద్దన్న గద!"

"పటేల్ వచ్చిండు." సోమమ్మ ముఖం వెలిగిపోతోంది. "నువ్వు క్యాంపుల ఎనిమిదో నెలనే సెప్పినవంట. కార్తీక పున్నమికల్ల కాన్పు కాకుంటె పరేషాన్ అయితదంట. నీ కోడలును జర తయ్యారు జెయ్యి సోమమ్మా అని, ఎంత మంచిగ మాట్లాడిండో! అందుకే ఆముదం తాపిన. ఇన్ని దినాలు నేను దాన్ని ఎన్ని మాటలన్ననో నాకు గుర్తుకు లేదా? ఇదన్న సక్కగ జెయ్యాలె గద."

నాంచారమ్మకు ఆమెను కొట్టాలనిపించింది. కావలించుకుని ఏడవాలని కూడా అనిపించింది. పటేల్‌కు నెలల మీద నమ్మకం లేదు. నిజంగా ఎనిమిదో నెల అయితే ఆ ఆముదానికి కడుపు తట్టుకోవచ్చు, కాకపోతే తట్టుకోదు. పిల్ల బయటపడితే నెలలు కూడా బయటపడతాయి. ఆ లెక్క వేసి, ఆ పని సోమమ్మ చేతనే చేయించి వెళ్లాడు.

మంచం పక్కన కూలబడి ఆండాలు చెవి దగ్గరికి వంగింది.

"వద్దని సెప్పొద్దా బిడ్డా? ఎందుకు తాగినవ్?"

"ఎందుకొద్దని అడుగుతది గద అవ్వా." పిల్ల గొంతు గాలిలా వచ్చింది. "ఎనిమిదో నెలకు వద్దననీకె ఏం సాకు సెప్పాలె?"

నాంచారమ్మ పిల్లను ఎడమ పక్కకు తిప్పింది. చేతులు రుద్దుకుంది. ఈసారి నూనె లేదు, వేడి పుట్టలేదు. ఉత్త అరచెయ్యి మెల్లగా కడుపు మీద ఆనించింది. పొద్దున తాకిన ఆ చిన్న కదలిక కోసం ఎదురుచూసింది.

కదలిక రాలేదు. దాని బదులు కడుపంతా ఒక్కసారిగా బిగుసుకుని రాయిలా గట్టిపడింది. ఆండాలు మూలిగింది. నాంచారమ్మ లోలోపల లెక్కపెట్టింది. ఇరవై దాకా లెక్కపెట్టాక వదులైంది. కాసేపటికి మళ్లీ గట్టిపడింది.

"నొప్పులా?" సోమమ్మ గొంతు మారింది. "నాంచారీ, నొప్పులేనా? ఎనిమిదో నెల పిల్ల బతుకుతది గద?"

ఎనిమిదో నెల పిల్ల బతకవచ్చు. ఆరో నెల పిల్ల బతకదు. ఆ మాట నాంచారమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే, ఈ కడుపును కాపాడటానికి ఏం చెయ్యకూడదో సోమమ్మకు తెలుస్తుంది. దాంతోపాటే కొడుకు వచ్చిపోయాడనీ తెలుస్తుంది. రేపు ఎవరో వచ్చి మంచం మీద కూర్చుని మజ్జిగ తాగుతారు.

ఆండాలు ఆమె మణికట్టు పట్టుకుంది. వద్దన్నట్టు తల ఊపింది.

"కదలకుండ పండబెడితె ఆగొచ్చు." నాంచారమ్మ అంది. "కాళ్ల కింద ఎత్తు పెట్టు. రాత్రంత నేనీడనే ఉంట. మంచం మీదికెల్లి దించొద్దు, ఎటూ తీస్కపోవద్దు."

సోమమ్మ బిత్తరపోయి చూసింది.

"నేను కబురు పంపిన గద!"

"ఎవలికి?"

"నువ్వొచ్చే ముందు పిల్ల మూలిగితె భయమై పటేల్‌కే పంపిన. పాపం, ఒక్క మాటకే ఒప్పుకున్నడు. ఆయన కచ్చడం బండే కడుతున్నడు. సూర్యాపేట దవాఖానకు తనే దగ్గరుండి తీస్కపోతడంట. ఆడ నర్సమ్మ కడుపు సూసి, ఎన్నో నెలనో సక్కగ కాయితం మీద రాసిస్తదంట. ఇగ మనకే భయం లేదన్నడు."

వీధి మలుపులో ఎద్దుల గజ్జెలు వినిపించాయి. దగ్గరికొచ్చి, ఇంటి ముందు ఆగాయి.

"సోమమ్మా, పిల్లను పైలంగ తీస్కరా." పటేల్ గొంతు ఎంతో ప్రేమగా ఉంది.

నాంచారమ్మ అరచేతి కింద కడుపు మళ్లీ గట్టిపడింది.